పలక ఏ అరలోంచి వచ్చింది?

పిల్లలూ! మార్కాపురం పలకను గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. మన నేల కింద పొరలు పొరలుగా ఉన్న నల్లరాయిని చీల్చి, అంచులు కోసి, చుట్టూ చెక్క చట్రం బిగించి పలకలు చేసేవారు. మీ తాతలూ అవ్వలూ ఓనమాలు దిద్దింది అట్లాంటి పలకల మీదనే. ఈ నెల పాఠానికీ ఆ పలకకూ ఒక సంబంధం ఉంది. పాఠం మాత్రం కంప్యూటర్‌ను గురించి.

ఒక అవ్వ మనవణ్ణి పిలిచి, "ఒరేయ్ అబ్బయ్యా, పలక పట్టుకురారా" అన్నదనుకోండి. వాడు ముందు తన సంచిలో చూస్తాడు. లేకపోతే గోడగూట్లో చూస్తాడు. అక్కడా లేకపోతే నిచ్చెన వేసుకుని అటక మీద చూస్తాడు. పలక మొదట ఎక్కడ కనబడితే అక్కడితో ఆగిపోతాడు. సంచిలో పగిలిన పలక ఉన్నదా, అదే తెచ్చి అవ్వ చేతిలో పెడతాడు. అటక మీద కొత్త పలక ఉన్న సంగతి వాడికి పట్టదు. అవ్వ "పలక" అన్నది గాని, "అటక మీది కొత్త పలక" అనలేదు కదా!

కంప్యూటర్ అచ్చం ఈ మనవడి వంటిదే. చెప్పిన పేరు గల వస్తువును, తనకు తెలిసిన అరలలో, తనకు తెలిసిన వరుసలో వెతుకుతుంది. దొరకకపోతే "లేదు" అని కేకపెడుతుంది. మొదట దొరికినదాన్ని తెచ్చి ఇస్తుంది. ఈ వరుస తెలియక మా బడి పిల్లలు ఎట్లా చిక్కులో పడ్డారో, ఎట్లా బయటపడ్డారో చూద్దాం.

బోరునీళ్ల లెక్క

మన పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్లకు ఫ్లోరైడు బాధ ఉన్నది. నేల లోపలి రాళ్లలో ఫ్లోరిన్ కలిసిన ఖనిజాలు ఉంటాయి. నీరు ఆ రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచి, వాటిలోని ఫ్లోరైడును తనలో కలుపుకుంటుంది. అట్లాంటి నీరు చిన్నతనం నుంచి తాగితే పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి. ఎక్కువ ఫ్లోరైడు ఉన్న నీరు చాలా ఏళ్లు తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ జబ్బును శాస్త్రీయంగా వర్ణించిన తొలి నివేదికలలో ఒకటి 1937లో వెలువడింది. షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో పరిశీలించి దాన్ని రాశారు. మన పొరుగున ఉన్న పొదిలి, కనిగిరి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోనివే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ ఒకచోట చేరాయి.

తాగునీటికి మన దేశపు ప్రమాణం ఏమంటుందంటే – లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకనే దొరకని చోట మాత్రం 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకోవచ్చు. ఈ రెండు అంకెలనూ గుర్తుంచుకోండి. మన కథ అంతా వీటి మధ్యనే నడుస్తుంది.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె సైన్సు ప్రదర్శన కోసం చుట్టుపక్కల బోర్ల నీళ్లు సీసాలలో పట్టుకొచ్చింది. పరీక్ష పెట్టెతో ఫ్లోరైడు కొలిచింది. ఏ బోరు నీరు తాగవచ్చో, ఏది తాగకూడదో చెప్పే చిన్న ప్రోగ్రాం పైథాన్ భాషలో రాసింది. పైథాన్ అంటే కొండచిలువే గాని, ఈ భాషకు ఆ పేరు పాము వల్ల రాలేదు. నెదర్లాండ్స్ దేశస్థుడు గైడో వాన్ రోసమ్ 1989 చివరిలో దీన్ని మొదలుపెట్టి 1991లో లోకానికి ఇచ్చాడు. ఇంగ్లండులోని ఒక హాస్య కార్యక్రమం పేరులోంచి ఆ మాట తీసుకున్నాడు.

ఒక చిన్న మనవి. పైథాన్‌కు ఇచ్చే ఆజ్ఞలను మీరు యంత్రం మీద ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి. ఇక్కడ మాత్రం వాటిని తెలుగు లిపిలో రాసుకుందాం. ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టుకుందాం. ఫైలు పేరు చివర చుక్క తరువాత ఉండే "పివై" దాని తోక. ఇది పైథాన్ ఫైలు అని తెలియడానికి గుర్తు అన్నమాట.

మాడ్యూలు అంటే ఏమిటి?

ఆ అమ్మాయి ప్రోగ్రామును రెండు ఫైళ్లుగా రాసింది. ఒకటి "పరీక్ష.పివై". బోర్ల కొలతలు చదివి ఫలితం చెప్పే అసలు స్క్రిప్టు ఇది. రెండోది "హద్దులు.పివై". ఇందులో ఏ పదార్థం ఎంతవరకు ఉండవచ్చో ఆ అంకెలు ఉంటాయి. స్క్రిప్టు మొదటి వరుసలో "ఇంపోర్ట్ హద్దులు" అని రాసింది. అంటే "హద్దులు అనే ఫైలును తెచ్చి ఇవ్వు" అని ఆజ్ఞ. ఇట్లా ఇంకొక ప్రోగ్రాము పిలిచి వాడుకోవడానికి రాసిపెట్టుకున్న ఫైలునే మాడ్యూలు అంటారు.

రెండు ఫైళ్లెందుకు, ఒకటిగానే రాయవచ్చు కదా అంటారా? రేపు ఫ్లోరైడుతో పాటు నైట్రేటు లెక్కకు ఇంకొక స్క్రిప్టు రాస్తే, హద్దుల అంకెలను మళ్లీ రాయనవసరం లేదు. అదే మాడ్యూలును దానికీ వాడుకోవచ్చు. ఒక అంకె మారితే ఒక్కచోట దిద్దితే చాలు.

ఈ ఆలోచన పాతదే. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్‌శాక్ అనే కంప్యూటర్ 1949లో పని మొదలుపెట్టింది. తరచూ కావలసిన లెక్కలను అక్కడివారు చిల్లులు పొడిచిన కాగితపు పట్టీల మీద ముందే సిద్ధం చేసి బీరువాలో దాచుకునేవారు. కావలసినప్పుడు ఆ పట్టీ తీసి, దానికి నకలు తీసి, తమ ప్రోగ్రాముకు కలుపుకునేవారు. అప్పుడు బీరువా దగ్గరకు మనిషే వెళ్లి పట్టీ వెతికేవాడు. ఇప్పుడు ఆ వెతికే పని కంప్యూటర్ చేస్తున్నది. తేడా అంతే.

మొదటి చిక్కు: దొరకలేదు

ఆ అమ్మాయి పరీక్ష.పివై ఫైలును "బోర్లు" అనే ఫోల్డరులో పెట్టింది. హద్దులు.పివై ఫైలును పక్కనే "ఉమ్మడి" అనే ఇంకొక ఫోల్డరులో పెట్టింది. కమాండ్ విండో తెరిచి, ఉమ్మడి ఫోల్డరులోకి వెళ్లి, అక్కడ నిలబడి, పైథాన్‌ను ఒట్టిగా పిలిచి "ఇంపోర్ట్ హద్దులు" అన్నది. చక్కగా వచ్చింది. సరే బాగుందనుకుని, అక్కడే నిలబడి బోర్లు ఫోల్డరులోని పరీక్ష.పివై స్క్రిప్టును నడిపింది. వెంటనే ఎర్రర్! "మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్ – హద్దులు అనే మాడ్యూలు లేదు" అన్నది కంప్యూటర్.

"సార్, హద్దులు ఫైలు నా కళ్ల ముందే ఉంది సార్. నేను ఆ ఫోల్డరులోనే ఉన్నాను. ఇందాక వచ్చింది, ఇప్పుడు రాలేదంటుంది. ఈ కంప్యూటర్ చెడిపోయింది సార్" అన్నది.

కంప్యూటర్ చెడిపోలేదు. మరి ఏం జరిగింది? పైథాన్ వెతికే అరల వరుస తెలిస్తే దీని గుట్టు విడిపోతుంది.

వెతికే అరలు

"ఇంపోర్ట్ హద్దులు" అనగానే పైథాన్ ముందు, ఆ పేరుగల మాడ్యూలును ఈ నడకలో ఇదివరకే తెచ్చానా అని చూసుకుంటుంది. తెచ్చి ఉంటే మళ్లీ వెళ్లదు, చేతిలో ఉన్నదే ఇస్తుంది. లేకపోతే తన ఒంట్లోనే కలిసి ఉన్న కొన్ని మాడ్యూళ్లలో చూస్తుంది. అక్కడా లేకపోతే అరల పట్టిక తీసి, పైనుంచి కిందికి వరుసగా వెతుకుతుంది. ఆ పట్టిక మామూలుగా ఇట్లా ఉంటుంది.

మొదటి అర: మీరు నడిపిన స్క్రిప్టు ఏ ఫోల్డరులో ఉన్నదో ఆ ఫోల్డరు.

రెండో అర: "పైథాన్‌పాత్" అనే పేరుతో మీరు ప్రత్యేకంగా చెప్పి ఉంచిన ఫోల్డర్లు. ఏమీ చెప్పకపోతే ఈ అర ఉండదు.

మూడో అర: పైథాన్‌తో పాటు వచ్చిన సొంత గ్రంథాలయం. సగటులు, తేదీలు, యాదృచ్ఛిక సంఖ్యలు వంటి పనుల మాడ్యూళ్లు ఇందులో ఉంటాయి.

నాలుగో అర: తరువాత మనం బయటినుంచి తెచ్చి చేర్చుకున్న మాడ్యూళ్ల ఫోల్డరు. దాన్ని "సైట్ ప్యాకేజెస్" అంటారు.

మొదటి అరను మళ్లీ ఒకసారి చదవండి. స్క్రిప్టు ఉన్న ఫోల్డరు అన్నాను గాని, మీరు నిలుచున్న ఫోల్డరు అనలేదు! చాలామంది పొరబడేది ఇక్కడే. అమ్మాయి నిలుచున్నది ఉమ్మడిలో. స్క్రిప్టు ఉన్నది బోర్లులో. పైథాన్ బోర్లు ఫోల్డరులో చూసింది, హద్దులు కనబడలేదు. మిగిలిన అరలలోనూ లేదు. "లేదు" అన్నది. దాని తప్పేముంది?

మరి ఒట్టిగా పిలిచినప్పుడు ఎట్లా వచ్చింది? స్క్రిప్టు పేరు చెప్పకుండా పైథాన్‌ను పిలిచినప్పుడు, "స్క్రిప్టు ఉన్న ఫోల్డరు" అనేదే లేదు కదా! అప్పుడు మాత్రం మీరు నిలుచున్న ఫోల్డరే మొదటి అర అవుతుంది. ఇందాక రావడం, ఇప్పుడు రాకపోవడం – రెండూ నియమం ప్రకారం జరిగినవే.

ఈ పట్టికను మీరు కళ్లారా చూడవచ్చు. స్క్రిప్టు మొట్టమొదట "ఇంపోర్ట్ సిస్" అని ఒక వరుస, దాని కింద "ప్రింట్" అని రాసి కుండలీకరణాలలో "సిస్.పాత్" అని ఇంకొక వరుస చేర్చండి. సిస్ అంటే ఎస్, వై, ఎస్ అనే మూడు అక్షరాలు. స్క్రిప్టు నడపగానే అరలన్నీ వరుసగా తెరమీద కనబడతాయి. మీ మాడ్యూలు ఉన్న ఫోల్డరు ఆ పట్టికలో లేకపోతే, మీరు ఎంత పిలిచినా అది రాదు.

రెండో చిక్కు: దొరికింది, కాని అది కాదు

అమ్మాయి సంగతి అర్థం చేసుకున్నది. హద్దులు.పివైకి ఒక నకలు తీసి బోర్లు ఫోల్డరులో, స్క్రిప్టు పక్కనే పెట్టింది. ప్రోగ్రాము నడిచింది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. అప్పుడే మేమంతా ఒక తప్పు చేశాం. అదేమిటో మీకు తోచిందా? పాత ఫైలును తీసేయలేదు. ఒకే పేరుతో రెండు పలకలు ఇంట్లో మిగిలాయి!

హద్దులు ఫైలులో ఫ్లోరైడుకు ఆ అమ్మాయి మొదట 1.5 అని రాసింది. కొన్నాళ్ల తరువాత తరగతిలో దాన్ని గురించి చర్చ వచ్చింది. ఆ ఊరికి వేరే మంచినీరు అందుతున్నది కాబట్టి 1.5 కాదు, 1 మిల్లీగ్రామునే హద్దుగా పెట్టాలని తేల్చుకున్నాం. అమ్మాయి ఉమ్మడి ఫోల్డరు తెరిచి, అక్కడి హద్దులు ఫైలులో 1.5 కొట్టివేసి 1 అని దిద్దింది. స్క్రిప్టు నడిపింది. ఈసారి ఎర్రర్ రాలేదు. ఫలితాలు చార్టు మీద అందంగా రాసింది.

ప్రదర్శనకు ముందు రోజు ఆరో తరగతి పిల్లవాడొకడు ఆ చార్టు చూస్తూ, "అక్కా, ఈ బోరులో 1.2 ఉంది కదా. 1 కంటే 1.2 పెద్దది కదా. మరి తాగవచ్చు అని రాశావేం?" అని అడిగాడు.

ఒక్క క్షణం ఎవరమూ మాట్లాడలేదు. ఆ బోరు దగ్గర రోజూ బిందెలు నింపుకునే ఇళ్లున్నాయి. మా చార్టు చూసి వాళ్లు "బడిపిల్లలు పరీక్ష చేసి బాగుందన్నారు" అనుకుని ఉంటే?

ఏం జరిగిందో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. దిద్దింది ఉమ్మడిలోని ఫైలును. పైథాన్ తెచ్చుకున్నది స్క్రిప్టు పక్కన ఉన్న పాత నకలును. అందులో ఇంకా 1.5 అనే ఉంది. 1.2 దానికంటే తక్కువ. అందుకే "తాగవచ్చు" అన్నది.

పిల్లలూ, ఈ రెండు చిక్కులనూ పోల్చి చూడండి. మొదటిదాంట్లో కంప్యూటర్ కేకపెట్టింది. మనం భయపడ్డాం గాని నష్టం ఏమీ జరగలేదు. రెండోదాంట్లో అది నోరు మెదపలేదు. మనం సంతోషించాం, నష్టం మాత్రం గుమ్మం దాకా వచ్చింది. దొరకని మాడ్యూలు కంటే, దొరికిన తప్పుడు మాడ్యూలు ఎక్కువ ప్రమాదం. అందుకని "వచ్చిందా?" అని అడిగి ఊరుకోకండి. "ఎక్కడినుంచి వచ్చింది?" అని కూడా అడగండి.

అడిగితే పైథాన్ దాచకుండా చెబుతుంది. ఇంపోర్ట్ చేసిన తరువాత "ప్రింట్" అని రాసి, కుండలీకరణాలలో మాడ్యూలు పేరు, చుక్క, ఆపైన "ఫైల్" అన్న మాట రాయాలి. ఫైల్ అన్న మాటకు ముందు రెండు, వెనుక రెండు కింది అడ్డగీతలు ఉండాలి. అప్పుడు ఆ మాడ్యూలు ఏ ఫోల్డరులోని ఏ ఫైలో పూర్తి చిరునామా తెరమీద పడుతుంది. మేము అట్లా అడిగితే "బోర్లు" అన్న పేరు కనబడింది. గుట్టు బయటపడింది. పాత నకలును తీసేసి, లెక్కలన్నీ మళ్లీ చేసి, చార్టు మార్చి రాశాం.

మరికొన్ని చిక్కులు

మాడ్యూలు రాకపోవడానికి ఇంకా కొన్ని కారణాలు ఉన్నాయి. మీకు తరచూ ఎదురయ్యేవి చెబుతాను.

తోక తప్పు. నోట్‌ప్యాడ్‌లో ఫైలు దాచినప్పుడు ఒక్కోసారి అది "హద్దులు.పివై.టిఎక్స్‌టి" అయిపోతుంది. విండోస్ చివరి తోకను దాచిపెడుతుంది గనుక మీకు "హద్దులు.పివై" అనే కనబడుతుంది. ఫైలు పేర్లలో తోకలు కూడా చూపించేట్లు అమర్చుకుంటే ఈ మోసం తెలిసిపోతుంది.

పేరు తప్పు. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు ఉన్నాయి కదా. విండోస్ ఫైళ్ల పేర్లలో ఆ తేడా మామూలుగా పట్టించుకోదు. పైథాన్ పట్టించుకుంటుంది. ఫైలుకు ఏ అక్షరాలు పెట్టారో ఇంపోర్ట్‌లోనూ అవే రాయండి. ఇంకొక సంగతి – మాడ్యూలు పేరు మధ్య ఖాళీ గాని, అడ్డగీత గాని ఉండకూడదు. "నీటి-హద్దులు" అని రాస్తే పైథాన్ దాన్ని తీసివేత గుర్తు అనుకుంటుంది! రెండు మాటలు కలపవలసి వస్తే కింది అడ్డగీత వాడండి.

పెద్దల పేరు పెట్టుకోవడం. పైథాన్ సొంత గ్రంథాలయంలో "స్టాటిస్టిక్స్" అనే మాడ్యూలు ఉంది. సగటు, మధ్యగతం అది లెక్క కట్టి ఇస్తుంది. మీరు సగటు లెక్క కోసం రాసిన స్క్రిప్టుకు కూడా స్టాటిస్టిక్స్.పివై అని పేరు పెట్టారనుకోండి. అందులో "ఇంపోర్ట్ స్టాటిస్టిక్స్" అంటే ఏమవుతుంది? మొదటి అర స్క్రిప్టు ఉన్న ఫోల్డరే కదా! పైథాన్ మీ ఫైలునే తెచ్చి మీకిస్తుంది. అందులో సగటు కట్టే పని లేదు గనుక ఎర్రర్ వస్తుంది. 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13 నుంచి అయితే, "నీ ఫైలు పేరు గ్రంథాలయంలోని మాడ్యూలు పేరు ఒకటే, మార్చుకో" అనే సలహా కూడా ఎర్రర్‌లోనే కనబడుతుంది.

ఇద్దరు పైథాన్లు. ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు రకాల పైథాన్లు ఉండవచ్చు. ఒక్కొక్కదానికి నాలుగో అర వేరు. ఒకదానిలో చేర్చిన మాడ్యూలు ఇంకొకదానికి కనబడదు. "సిస్.ఎగ్జిక్యూటబుల్" అని ప్రింట్ చేస్తే ఇప్పుడు పనిచేస్తున్న పైథాన్ ఏదో తెలుస్తుంది. బయటి మాడ్యూళ్లను తెచ్చేటప్పుడు ఒట్టి "పిప్" అని పిలవకుండా, "పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్" అని రాసి ఆ మాడ్యూలు పేరు చెప్పండి. అప్పుడు ఏ పైథాన్‌ను పిలిచారో దానికే అది చేరుతుంది.

చేతిలో ఉన్నదే ఇవ్వడం. పైథాన్‌ను ఒట్టిగా పిలిచి మాట్లాడుతున్నప్పుడు ఒక మాడ్యూలును తెచ్చి, ఆ తరువాత ఆ ఫైలును దిద్ది, మళ్లీ "ఇంపోర్ట్" అంటే కొత్తది రాదు. ఒకసారి తెచ్చినదాన్ని అది మళ్లీ తేదని చెప్పుకున్నాం కదా. పైథాన్‌లోంచి బయటికి వచ్చి మళ్లీ పిలవండి.

ఒక తేడా కూడా గమనించండి. మాడ్యూళ్లను వెతకడం స్క్రిప్టు ఉన్న చోటు నుంచి మొదలవుతుంది. కాని స్క్రిప్టు లోపల కొలతల ఫైలును ఒట్టి పేరుతో తెరవమంటే, పైథాన్ మీరు నిలుచున్న ఫోల్డరులో చూస్తుంది. రెండింటికీ రెండు నియమాలు. ఇంపోర్ట్ బాగానే జరిగి, కొలతల ఫైలు మాత్రం దొరకలేదంటే కారణం ఇదే కావచ్చు.

ఏ మందు మంచిది?

స్క్రిప్టు ఒక్కటే అయితే, మాడ్యూలును దాని పక్కనే ఉంచండి. వేరే చోట నకలు మిగల్చకండి. ఇది అన్నిటికంటే తేలిక.

స్క్రిప్టులు చాలా ఉంటే, "నీటిపని" అని ఒక పెద్ద ఫోల్డరు చేసుకుని, బోర్లు, ఉమ్మడి ఫోల్డర్లను దాని లోపల పెట్టండి. స్క్రిప్టులో "ఫ్రమ్ ఉమ్మడి ఇంపోర్ట్ హద్దులు" అని రాయండి. తరువాత నీటిపని ఫోల్డరులో నిలబడి "పైథాన్ -ఎం బోర్లు.పరీక్ష" అని పిలవండి. ఇందులో ఫోల్డరు పేరుకూ స్క్రిప్టు పేరుకూ మధ్య చుక్క ఉండాలి, చివర పివై తోక ఉండకూడదు. "-ఎం" అని పిలిస్తే మీరు నిలుచున్న ఫోల్డరే మొదటి అర అవుతుంది. అక్కడి నుంచి బోర్లు, ఉమ్మడి రెండూ కనబడతాయి. మాడ్యూలు ఒక్కటే ఉంటుంది, స్క్రిప్టులు ఎన్నయినా దాన్నే వాడుకుంటాయి.

కొందరు స్క్రిప్టు లోపలే సిస్.పాత్ పట్టికకు ఒక చిరునామా చేరుస్తారు. అది పనిచేస్తుంది గాని, చిరునామా పూర్తిగా రాసేస్తే చిక్కు వస్తుంది. పెన్‌డ్రైవు ఒక కంప్యూటర్‌లో "డి" అయితే ఇంకొకదాంట్లో "ఇ" అవుతుంది. బడిలో నడిచిన ప్రోగ్రాము ప్రదర్శనలో నడవదు.

చేసి చూడండి

1. రెండు ఫోల్డర్లలో ఒకే పేరుతో రెండు మాడ్యూళ్లు రాయండి. ఒకదాంట్లో "నేను గూట్లోని పలకను" అని, రెండోదాంట్లో "నేను అటక మీది పలకను" అని ప్రింట్ చేయించండి. మొదటి ఫోల్డరులో ఒక స్క్రిప్టు పెట్టి, రెండో ఫోల్డరులో నిలబడి దాన్ని నడపండి. ఏ పలక వస్తుందో ముందే కాగితం మీద రాసి, ఆ తరువాత చూడండి.

2. సిస్.పాత్ పట్టికను మూడు విధాల ప్రింట్ చేయండి: స్క్రిప్టు నడిపి ఒకసారి, పైథాన్‌ను ఒట్టిగా పిలిచి ఒకసారి, "-ఎం" తో ఒకసారి. మొదటి అర ఎట్లా మారిందో రాసుకోండి.

3. మీ ప్రోగ్రాము ఇచ్చిన ఫలితాలలో ఏదైనా ఒకదాన్ని తీసుకుని, చేత్తో లెక్క కట్టి సరిచూడండి. ప్రతిసారీ చూడండి.

మూడోదాన్ని తేలికగా తీసుకోకండి. మా చార్టులోని తప్పును పట్టింది నేను కాదు, కంప్యూటర్ కాదు. 1 కంటే 1.2 పెద్దదని తెలిసిన ఆరో తరగతి పిల్లవాడు. వాడికి పైథాన్ రాదు. కాని చూసినదాన్ని చూసినట్టు అడగడం వచ్చు. మీరు ఎన్ని భాషలలో ప్రోగ్రాములు రాసినా ఆ అలవాటు మాత్రం వదులుకోకండి.